ఉప్పుగాలిలో స్పీకరు: కాకినాడ తీరాన ఒక మరమ్మతు పని చరిత్ర

ల్యాప్‌టాప్‌లో సముద్రపు గాలికి తొందరగా లొంగిపోయే భాగాల్లో స్పీకరు ఒకటి. మదర్‌బోర్డు, బ్యాటరీ, తెర ఏదో ఒక మూత వెనక దాగి ఉంటాయి. స్పీకరుకు ఆ వీలు లేదు. గాలిని కదిలిస్తేనే అది పలుకుతుంది కాబట్టి, జాలీ గుండా బయటి గాలికి తెరుచుకునే ఉండాలి. కాకినాడకు ఈశాన్యంగా, అలల చప్పుడు వినబడేంత దగ్గరలో ఉన్న ఉప్పాడలాంటి ఊళ్లో ఆ గాలే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. చెడిపోయిన స్పీకర్ల జతను ఇంట్లోనే విప్పి కొత్తవి పెట్టుకోవడం ఈ కాలపు అలవాటు. ఆ పని అడిగే పరిశీలన, చేతి నేర్పు, ఓపిక మాత్రం కొత్తవి కావు. వాల్వు రేడియోల రోజుల నుంచి రేడియో మెకానిక్కుల చేతుల్లో పెరుగుతూ వచ్చినవి.

ఉప్పాడ కొత్తపల్లి మండలంలోని ఊరు. తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కాకినాడ జిల్లాలోకి వచ్చింది. బయటివాళ్లకు ఆ పేరు చెప్పగానే జాందానీ చీర గుర్తుకొస్తుంది. ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మగ్గంతో పాటు వేట కూడా ఇక్కడి బతుకుతెరువు. సముద్రం ఒడ్డును కోసుకుంటూ లోపలికి వస్తోంది. ఊరి పాత భాగాలు నీటిపాలయ్యాయి. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు పెద్ద తుఫాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటుంది. రాళ్లు పేర్చినా, ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టినా కోత ఆగలేదు. ఈ కోత నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు ఇళ్లు, రోడ్లు, పొలాలు కనబడతాయి. ఇళ్ల లోపలి వస్తువులు ఎవరి లెక్కలోకీ రావు. కానీ అల విరిగే చోటు ఇంటికి దగ్గరయ్యేకొద్దీ గాలిలో ఉప్పు తుంపర పెరుగుతుంది. ఒడ్డు నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి వెళ్తే ఆ ఉప్పు బాగా తగ్గిపోతుంది కనుక, కోత వల్ల జరిగే ఆ కాస్త మార్పే ఇనుముకూ రాగికీ పెద్ద మార్పు.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదకారి కాదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం అది ఆ తేమను పీల్చుకుని కంటికి కనబడని ఉప్పునీటి పొరగా మారుతుంది. తీరాన చాలా రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. ఆ పొర కింద రాగి తీగ పచ్చగా చిలుము పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, టంకం వేసిన అతుకు నల్లబడి పెళుసవుతుంది. దీనికి తోడు ఈ ఒడ్డున ఇంకో విశేషం ఉంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకలో నల్లటి బరువు రేణువులు కలిసి ఉంటాయి: ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్. వీటిలో మాగ్నటైట్ అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. ప్రతి స్పీకరులోనూ ఒక అయస్కాంతం ఉంటుంది. గాలికి లేచిన ఇసుక జాలీలోంచి లోపల పడితే ఆ నల్ల రేణువులు కాయిల్ పక్కనున్న సన్నటి సందులో చేరి కూర్చుంటాయి. ఊదితే రావు, దులిపితే రావు. స్పీకరు పలికినప్పుడల్లా కాయిల్ వాటికి రాసుకుని గరగరలాడుతుంది.

ఈ తీరానికి లౌడ్‌స్పీకరు రాకముందు సముద్రం కబురు కళ్లకే అందేది. 1864 నాటి కలకత్తా తుఫాను తరవాత, 1865లో ఆ రేవుకు ముందస్తు హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1898లో దేశంలోని రేవులన్నిటికీ ఒకే తరహా సంకేతాలు వచ్చాయి. పగలు స్తంభం మీద ఆకారాలు, రాత్రి దీపాలు. ఇప్పటికీ వాయుగుండం పడితే కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో తెలుగు పత్రికలు రాస్తూనే ఉంటాయి; ఆ నంబర్లు 11 వరకు ఉన్నాయి. రేవుకు దూరంగా ఉన్న పల్లెకు మాత్రం ఆ స్తంభం కనబడదు. అక్కడికి కబురు మనిషి నోటనో, డప్పు చాటింపుగానో చేరాలి. వినిపించే యంత్రం విలువ ఈ ఒడ్డున పాటలతో మొదలు కాలేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ యంత్రం పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. అయస్కాంతపు సందులో తీగచుట్టను కదిలించే ఏర్పాటుకు 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ పేటెంటు తీసుకున్నాడు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడ్‌హామ్ దానికి గొట్టం తగిలించి జనసమూహానికి వినబడేలా చేశారు. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కాగితపు కోన్, దాని మెడకు చుట్టిన రాగి కాయిల్, చుట్టూ అయస్కాంతం ఉన్న స్పీకరు రూపాన్ని స్థిరపరిచారు. ఇప్పటి ల్యాప్‌టాప్ స్పీకరు కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. ఆ నిర్మాణంలో మారినవి పరిమాణం, పదార్థాలు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1924లోనే ఒక రేడియో క్లబ్బు ప్రసారాలు చేసింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ పని చేపట్టి, మెరీనా ఒడ్డున, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి జనానికి వినిపించింది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటికి కాకినాడ కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. తెలుగు కార్యక్రమాలు అక్కడి నుంచే రావాలి, అవీ దూరం వల్ల తేటగా అందేవి కావు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చాక గోదావరి తీరం రెండు వైపుల నుంచీ తెలుగు వినగలిగింది. రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా రుసుం కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. 1980ల మధ్యలో ఆ లైసెన్సు రద్దయ్యేదాకా ఆ పుస్తకం రేడియోతో పాటే ఇంట్లో భద్రంగా ఉండేది.

చాలా పల్లెల్లో మొదటి రేడియో ఏ ఇంటిదీ కాదు, పంచాయతీది. 1950ల్లో ప్రభుత్వాలు సామూహిక శ్రవణ పథకం కింద ఊళ్లకు సెట్లు ఇచ్చాయి. పంచాయతీ గదిలో సెట్టు, బయట స్తంభానికో చెట్టుకో స్పీకరు. సాయంత్రం వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, వాతావరణం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైనా కరెంటు ప్రతి పల్లెకూ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అందాకా ఆ సెట్లు పొడి బ్యాటరీల మీదో, పట్నానికి మోసుకెళ్లి చార్జి చేయించుకొచ్చే బ్యాటరీల మీదో నడిచేవి. సెట్టు మూగబోతే ముందు బ్యాటరీని అనుమానించేవారు, తరవాత వాల్వులను, ఆ పైన స్పీకరును. ఆరుబయట వేలాడుతూ వానకీ ఉప్పుగాలికీ ఎదురు నిలిచేది మాత్రం స్పీకరే.

వాల్వు రేడియో స్పీకరును బాగుచేయడం అసలైన చేతిపని. దాన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే తరవాతి కాలపు మరమ్మతంతా ఈ పద్ధతిలోంచి ఒక్కొక్క మెట్టునే వదులుకుంటూ వచ్చింది. మెకానిక్ స్పీకరును విప్పకముందే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చూసేవాడు. సన్నటి తీగతో చుట్టిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ తెగినా సెట్టు మూగబోతుంది, నింద మాత్రం స్పీకరు మీద పడుతుంది. తీగలు విడదీసి టార్చిలైటు సెల్లును స్పీకరు కొసలకు ఒక్క క్షణం తాకిస్తే టక్కుమని శబ్దం రావాలి. వచ్చిందంటే కాయిల్ బతికే ఉంది, తప్పు ముందున్న దారిలో ఉంది. రాకపోతే కాయిల్ తెగింది, లేదా కాయిల్‌ను కొసలకు కలిపే మెత్తటి అల్లిక తీగ ఊడింది. తీరప్రాంతంలో ఆ అల్లిక తీగ మీద అనుమానం ఎక్కువ. అది ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, దాని సన్నటి పోగుల మధ్య ఉప్పు చేరుతుంది, చిలుము పట్టి లోపల్లోపలే తెగుతుంది.

కాయిలే పోతే కోన్ ఊడదీయాలి. అంచున జిగురును తడిపి మెత్తబరిచి, కాగితం చిరగకుండా లేపి, కింద మడతల గుడ్డలా ఉండే స్పైడర్‌ను విడదీసి, కోన్‌ను కాయిల్‌తో సహా పైకి తీయాలి. పాత తీగ చుట్లు లెక్కపెట్టి, అదే మందం ఉన్న ఎనామిల్ తీగను అన్నే చుట్లు చుట్టాలి. అయస్కాంతపు సందులోని ఇనుప రజనును, నల్ల ఇసుకను జిగురు టేపు కొసతో అద్ది బయటికి తీయాలి. గాలి ఊదితే అది అక్కడే చోటు మారుతుందే తప్ప పైకి రాదు. తిరిగి బిగించేటప్పుడు కాయిల్ ఆ సందుకు సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి. అందుకు సన్నటి ఫిల్మ్ ముక్కలు మూడు నాలుగు కాయిల్ చుట్టూ దోపి, జిగురు ఆరాక వాటిని లాగేసేవారు. ఫిల్మ్ మందం సరిపోకపోతే కాయిల్ ఒక పక్కకు ఒరిగి గరగర మళ్లీ మొదలవుతుంది. చిరిగిన కోన్‌కు పల్చటి కాగితం అతికించడం తేలిక. అయితే జిగురు ఎక్కువైతే కోన్ బరువెక్కి గొంతు బొంగురుపోతుంది. ఈ పని చేయగలిగిన మెకానిక్‌కు స్పీకరు లోపలంతా తెలుసు. కొత్త స్పీకరు కొనడం ఖరీదైన మాట కావడంతో ఆ విద్యకు గిరాకీ ఉండేది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టర్ 1960ల్లో మన పల్లెలకు చేరింది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ పేర్లు ఇంటి పేర్ల మాదిరి నాలుకల మీదికి వచ్చాయి. రేడియో చేతిలో పట్టుకుపోయే వస్తువైంది. మగ్గం గుంటలో కూర్చున్న వాళ్లకు చేతులూ కళ్లూ ఖాళీ ఉండవు, చెవులు ఉంటాయి. అలాంటి పనికి రేడియోను మించిన తోడు లేదు. వేటకు వెళ్లే ముందు వాతావరణం వినడానికి కూడా అదే ఆధారం. బ్రాండు సెట్లతో పాటు, మద్రాసు, బొంబాయి మార్కెట్ల నుంచి విడిభాగాలు తెప్పించి చిన్న పట్నాల్లో బిగించి అమ్మే లోకల్ సెట్లూ నడిచాయి. వాటిలో వేసే చిన్న స్పీకర్లు చవకగా దొరకడంతో కోన్ విప్పి కాయిల్ చుట్టే పని ఇక్కడే మొదటిసారి తగ్గింది. మూడంగుళాల స్పీకరుకు పూట పని పెట్టడం కంటే కొత్తది టంకం పెట్టడం మెకానిక్‌కు గిట్టుబాటైంది.

మెకానిక్కులు ఎలా తయారయ్యారన్నది ఈ చరిత్రలో మరో ముఖ్యమైన పాయ. 1950లో దేశంలో మొదలైన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలు వచ్చాయి. రేడియో, టీవీ మెకానిక్ ఒక ట్రేడ్‌గా నడిచింది. కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో మొదలైంది. నేడు జేఎన్‌టీయూగా ఉన్న ఇంజినీరింగ్ కళాశాల మూలాలూ ఆ ఏడాదివే. పట్నం సాంకేతిక విద్యకు నిలయమైంది. అయినా రిపేరు దుకాణాల్లో చేరిన కుర్రాళ్లు చాలామంది తరగతి గదిలోంచి రాలేదు. పదో తరగతి దగ్గర ఆగి దుకాణంలో కుదురుకుని, టంకం కడ్డీ పట్టడం దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నవాళ్లు. కొందరు పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివారు. సర్క్యూట్ బొమ్మ చదవగలిగినవాడికి దుకాణంలో గౌరవం వేరు. ఆ విద్య డిగ్రీల లెక్కలో ఎక్కడా నమోదు కాలేదు గానీ, తీరంలోని ఇళ్లల్లో ఎన్ని వస్తువులు ఎన్ని ఏళ్లు పనిచేశాయో దాని మీదే ఆధారపడింది.

మైకుసెట్టు వాళ్లది దీనికి పక్కనే నడిచిన మరో వృత్తి. పెళ్లి, జాతర, ఎన్నిక, సినిమా ప్రచారం, తుఫాను చాటింపు, అన్నిటికీ అహూజా పేరున్న ఆంప్లిఫయరు, దానికి రెండు గొట్టాలు. గొట్టం మైకుల్లో కోన్ ఉండదు. వెనక బిగించిన యూనిట్‌లో పల్చటి డయాఫ్రం ఉంటుంది. అది పగిలినా, దాని కాయిల్ కాలినా, యూనిట్ మూత విప్పి డయాఫ్రం ఒక్కటే మార్చేస్తారు. బాగుచేయడానికీ పూర్తిగా మార్చడానికీ మధ్యన ఉన్న ఈ పద్ధతిని మైకుసెట్టు కుర్రాళ్లు పందిట్లోనే, కార్యక్రమం ఆగకుండా ముగించేవారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లను కట్టడి చేశాయి.

తుఫానుల దగ్గర ఈ వృత్తి బరువు తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయిన తరవాత తీరమంతా హెచ్చరికలను, ఆశ్రయాలను గురించి కొత్తగా ఆలోచించింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను ఛిద్రం చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు; సముద్రంలోకి వేటకు వెళ్లిన వాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఒడ్డున మోగిన హెచ్చరిక అప్పటికే నడిసముద్రంలో ఉన్న పడవకు చేరడం అసలు సమస్య అని ఆ తుఫాను కఠినంగా తేల్చింది. రెండేళ్ల తరవాత, 1998 ప్రాంతంలో, పుదుచ్చేరి దగ్గర వీరాంపట్టినంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఒక ప్రయోగం చేసింది. అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు నుంచి అలల ఎత్తు అంచనాను కంప్యూటరులో దించుకుని, ఊరి లౌడ్‌స్పీకరులో మత్స్యకారుల భాషలో చదివి వినిపించారు. కంప్యూటరు, స్పీకరు బెస్తపల్లెలో ఒకే పనికి జత కలవడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లను, సముద్రపు స్థితిని మత్స్యకారులకు చెప్పే పనిని పెద్దఎత్తున చేపట్టింది. క్రమంగా ఆ కబుర్లు స్తంభం మీది స్పీకరు నుంచి జేబులోని ఫోనులోకి మారాయి.

క్యాసెట్ల కాలాన్ని దాటవేయకూడదు గానీ, అందులో కొత్త విద్య తక్కువ. 1980ల్లో టేప్‌రికార్డర్లు ఊరూరా నిండాయి. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి ఆరంగుళాలదో ఎనిమిదంగుళాలదో స్పీకరు బిగించుకోవడం కుర్రకారు సరదా. టీవీలు వచ్చాక మెకానిక్ ధ్యాస బొమ్మ మీదికి మళ్లింది. అదే సమయంలో కంటికి కనబడని మార్పు ఒకటి అయస్కాంతాల్లో జరిగింది. పాత స్పీకర్లలో కోబాల్టు కలిసిన ఆల్నికో అయస్కాంతాలు ఉండేవి. 1978లో ఆఫ్రికాలోని జైర్‌లో యుద్ధం వల్ల కోబాల్టు ధర ఆకాశాన్నంటింది. అప్పటికే వాడుకలో ఉన్న ఫెర్రైట్ అయస్కాంతాలు స్పీకర్ల పరిశ్రమనంతా ఆక్రమించాయి. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం అయస్కాంతాన్ని కనిపెట్టారు. చిటికెడంత ముక్కకు అంతకుముందు పిడికెడు ఫెర్రైట్‌కు ఉన్న బలం వచ్చింది. ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ స్పీకరు సాధ్యమైంది దీనివల్లే. అయితే నియోడిమియం తేమకు తొందరగా తుప్పు పడుతుంది. అందుకే దానికి నికెల్ పూత వేస్తారు. ఆ పూత ఎక్కడైనా పెచ్చు లేచిందా, తీరపు గాలికి లోపలి లోహం పొడి పొడిగా ఉబ్బిపోతుంది.

2003 మే నెలలో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాక సెల్‌ఫోన్ పల్లెల్లోకి దూసుకొచ్చింది. రేడియో దుకాణాలు చాలావరకు మూతబడ్డాయి. కొన్ని మొబైల్ రిపేరు దుకాణాలుగా మారాయి. ఫోనులో రెండు స్పీకర్లు: చెవి దగ్గరది ఒకటి, దుకాణాల్లో రింగర్ అని పిలిచేది ఒకటి. రెండూ చిన్న బిళ్లలు. వాటిని విప్పి లోపల చేయగలిగింది ఏమీ లేదు. జాలీ శుభ్రం చేయడం, స్ప్రింగు కొసలను తుడవడం, అప్పటికీ పలక్కపోతే బిళ్ల మార్చడం. పని అక్కడికి వచ్చేసరికి మెకానిక్ నేర్పు స్పీకరు లోపలి నుంచి పూర్తిగా దాని చుట్టుపక్కలకు జరిగింది. కాయిల్ చుట్టడం వచ్చిన చేతి కంటే, పెంకు విరగకుండా తెరిచి రిబ్బను తెగకుండా తిరిగి మూయగల చేతికి విలువ పెరిగింది. పాత విద్య అంతరించినందుకు బాధ కలుగుతుంది. కానీ ఈ మార్పే అదే పనిని దుకాణం దాటించి మామూలు మనిషి ఇంటికి తెచ్చింది.

కంప్యూటరుకు గొంతు ఆలస్యంగా వచ్చింది. 1981 నాటి ఐబీఎం పీసీలో రెండుంపావు అంగుళాల స్పీకరు ఒకటి ఉండేది. అది బీప్ అనడానికి తప్ప పెద్దగా పనికిరాలేదు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. 1990ల మధ్యలో సీడీలతో పాటు ల్యాప్‌టాప్‌లో రెండు స్పీకర్లు పెట్టడం మామూలైంది. 1997లో ఇంటెల్ ఏసీ 97, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాలతో ధ్వని మదర్‌బోర్డులో భాగమైంది. గోదావరి జిల్లాల్లో ల్యాప్‌టాప్ మధ్యతరగతి ఇళ్లలోకి రావడానికి ఊతమిచ్చింది ఇంజినీరింగ్ చదువు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక ఆ చదువు చేనేత, మత్స్యకార కుటుంబాల పిల్లలకూ అందింది. 2020 మార్చిలో కరోనాతో బడులు, ఆఫీసులు మూతబడ్డాయి. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు వచ్చి అక్కడి నుంచే పనిచేశారు. చల్లటి ఆఫీసు గదుల్లో బతికిన యంత్రాలు ఉప్పుగాలి తగిలే కిటికీల పక్కకు చేరాయి. పాఠమైనా మీటింగైనా మాట వినబడితేనే జరుగుతుంది. సర్వీసు కేంద్రాలు మూసి ఉన్నాయి. ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టడానికి అంతకు మించిన అవసరం ఏముంటుంది.

ఇంట్లో చేసే ఈ పనికి మొదటి మెట్టు వాల్వు కాలపు మెట్టే: స్పీకరును నిందించే ముందు దాని ముందున్న దారిని చూడడం. ఇయర్‌ఫోన్ పెట్టి వినాలి. అందులోనూ గరగర ఉంటే తప్పు సాఫ్ట్‌వేరులోనో ఆడియో చిప్పులోనో ఉంది. స్పీకరు మార్చి లాభం లేదు. ఇయర్‌ఫోన్‌లో తేటగా ఉండి బయట గరగరలాడితే, శబ్దాన్ని ఎడమకూ కుడికీ ఒక్కోవైపే పంపి ఏ స్పీకరు చెడిందో తేల్చాలి. తక్కువ శబ్దంలో బాగుండి పెంచితే గీరినట్టు వినబడితే డయాఫ్రం చిరిగిందనో, సందులో రేణువు పడిందనో అనుకోవచ్చు. పూర్తి నిశ్శబ్దమైతే కాయిల్ తెగి ఉండాలి, లేదా కనెక్టర్‌కు చిలుము పట్టి ఉండాలి. ఉప్పాడలాంటి చోట ఈ చివరి కారణాన్ని ముందే చూడడం మేలు. కొన్నిసార్లు కనెక్టర్‌ను ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెడితేనే గొంతు తిరిగొస్తుంది.

మార్చాలని తేలితే, పాత స్పీకరు మీది లేబుల్‌లో ఉన్న పార్ట్ నంబరే దారి చూపుతుంది. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్ నమూనాల్లో కూడా ఏడాదికో స్పీకరు ఉంటుంది. తీగ పొడవు, కనెక్టర్ పిన్నులు, మరల చెవుల చోటు తేడాగా ఉంటాయి. అందుకే ముందు విప్పి చూసి, తరవాత తెప్పించుకోవడమే సరైన క్రమం. యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, అడుగు మూత మరలు విప్పాలి. మరల పొడవులు వేరువేరు. పొడవాటి మర పొట్టిదాని చోట బిగిస్తే పైనున్న పలకను పొడుచుకుని పాడుచేస్తుంది. విప్పిన వరసలోనే కాగితం మీద పేర్చుకుంటే ఆ బాధ ఉండదు. మూత అంచును లోహపు పరికరంతో కాక పల్చటి ప్లాస్టిక్ ముక్కతో లేపాలి. మూత తీయగానే చేయవలసింది బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. అది చేయకుండా లోపల ఏదీ తాకకూడదు.

స్పీకర్లు చాలావరకు జతగా, ఒకే తీగ మీద వస్తాయి. ఒకటి చెడినా రెండూ మార్చడం దీనివల్లే. ఆ తీగ బోర్డు అంచున చిన్న గాడుల్లో ఇరికించి ఉంటుంది. ఎలా తిరిగిందో ఫొటో తీసి పెట్టుకోవాలి. కనెక్టర్‌ను తీగ పట్టుకుని లాగకూడదు, దాని దేహాన్ని గోటితో నెట్టాలి. స్పీకరు పెట్టె మరల చుట్టూ చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. ఇవి పోగొట్టుకుంటే కొత్త స్పీకరు కూడా పెంకుకు తగిలి జుయ్యిమంటుంది, మనిషేమో నకిలీ సరుకు వచ్చిందనుకుంటాడు. మీటరు పెట్టి చూస్తే మంచి స్పీకరు సుమారు 4 ఓములు చూపుతుంది; కొన్నిటికి 8 ఉంటుంది. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది. మీటరు లేనివాళ్లకు టార్చిలైటు సెల్లు పరీక్ష ఇక్కడా పనికొస్తుంది, తాకించి వెంటనే తీసేయాలంతే. టంకంతో అతికే రకమైతే ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. రెండిట్లో ఒకటి తిరగబడితే రెండూ పలుకుతాయి గానీ ఒకదాని గాలిని ఇంకొకటి మింగేసి బరువైన స్వరాలు మాయమవుతాయి. మూత బిగించకముందే బ్యాటరీ కలిపి ఒకసారి పాడించి చూసుకోవాలి.

అన్ని యంత్రాలూ ఇంతగా సహకరించవు. పల్చగా ఉండాలన్న పోటీలో కొన్ని నమూనాల్లో స్పీకర్లను పెంకుకు గట్టిగా అంటించేశారు. బ్యాటరీ ఎత్తితే గానీ అందని చోట్ల పెట్టారు. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో ఆంప్లిఫయరు స్పీకరు తీరును బట్టి కరెంటును సర్దుతుంది. వేరే రకం స్పీకరు పెడితే ధ్వని పీలగా వస్తుంది, లేదా స్పీకరే తొందరగా పోతుంది. తయారీదారు విడిభాగం అమ్మకపోతే మొత్తం పై పలకే మార్చాలంటారు, వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్తుంది. ఈ అన్యాయం మీద ప్రపంచమంతా చర్చ నడిచింది. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు వినియోగదారుడికి అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో వలలు, ఇంజన్లు సొంతంగా బాగుచేసుకునే తీరానికి ఈ హక్కు పెద్దగా వివరించి చెప్పవలసిన పని లేదు. వస్తువు కొన్నవాడికి దాన్ని విప్పే అధికారం ఉందన్నది అక్కడ వాదన కాదు, రోజువారీ పని.

కొత్త స్పీకరు ఈ గాలిలో ఎన్నాళ్లు మన్నుతుందన్నది వాడకం మీద ఉంటుంది. సముద్రం వైపు కిటికీ పక్కన ల్యాప్‌టాప్‌ను తెరిచి ఉంచకపోవడం, రాత్రి మూసి సంచీలో సిలికా జెల్ పొట్లంతో పెట్టడం, జాలీని మెత్తటి పొడి బ్రష్‌తో పక్కకు తుడవడం ఉపకరిస్తాయి. నోటితో ఊదడం, తడిగుడ్డ రుద్దడం రెండూ కీడే. ఉప్పును కరిగించి లోపలికి పంపుతాయి. ఒడ్డున ఇసుక మీద పెట్టి వాడితే నల్ల రేణువులు జాలీకి అంటుకుంటాయి. వాటిని పాత పద్ధతిలోనే జిగురు టేపుతో అద్ది తీయాలి. తీసేసిన స్పీకర్ల జతలో రాగి, నియోడిమియం ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అవి చెత్తకుండీలోకి వెళ్లకూడదు. నమోదైన రీసైక్లర్లకు చేరేలా చూసే బాధ్యతను ఆ నియమాలు తయారీదారుల మీద పెట్టాయి.